పొట్టలో తూటా

తిల్కా బండి దిగేసరికే చినుకులు మొదలయ్యాయి. సన్నటి వానే. కానీ గడ్డి మీది నెత్తుటిని కడిగేయడానికి ఆ మాత్రం చాలు.

"తూటా తగిలిన చోటు ఎవరూ తొక్కొద్దని ఫోన్లోనే చెప్పాను కదా మావయ్యా!" అంది.

మంచె కింద నిలబడ్డ ఆల్బిన్ టోపీ సర్దుకున్నాడు. ఆయన తిల్కా తల్లికి తమ్ముడు. వాళ్ళ ఊరి వేటసంఘానికి పెద్ద. డెబ్భై దాటినా కొచేవ్యే అడవిలో ఏ దుప్పి ఏ వాలులో పడుకుంటుందో ఇప్పటికీ ఆయన్నే అడుగుతారు. తెల్లవారుజామున పట్నం నుంచి వచ్చిన అతిథిని మంచె ఎక్కించి, పక్కన కూర్చుని దుప్పిని కొట్టించింది ఆయనే. ఆ అతిథి ఇప్పుడు గడ్డిమైదానం మధ్యలో కొత్త బూట్లతో అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"బోరుత్ గారూ, ఇవతలికి రండి. వెళ్ళిన దారినే రండి."

"ఏముందమ్మా ఇక్కడ, గడ్డేగా!"

"ఆ గడ్డి కోసమే వచ్చాను నేను."

బోరుత్ నవ్వుకుంటూ వచ్చాడు. ఇళ్ళు కట్టించే కాంట్రాక్టరు. సంఘం వాళ్ళ గుడిసెకి కొత్త పైకప్పు వేయిస్తానన్నాడు. అందుకు ప్రతిగా ఆల్బిన్ అతనికి ఒక కొమ్ముల దుప్పిని చూపిస్తానన్నాడు. దుప్పిని కొట్టడం అతనికిదే మొదటిసారి.

తిల్కా మోకాళ్ళ మీద కూర్చుని గడ్డిని వేళ్ళతో పాయలు తీస్తూ పోయింది. చుట్టుపక్కల ఏ సంఘంలోనైనా దెబ్బతిన్న దుప్పి పారిపోతే తిల్కాకే కబురొస్తుంది. కలప డిపోలో సెలవు పెట్టి, కుక్కను బండెక్కించుకుని వస్తుంది. నాలుగు వెంట్రుకలు దొరికాయి. తడిసి ముద్దయి ఉన్నాయి. వీపువో పొట్టవో తేలడం లేదు. ఒక ఆకు మీద నెత్తురు చుక్క, వాన నీటిలో కలిసి పల్చటి టీ రంగుకి వచ్చేసింది. ఊపిరితిత్తి నెత్తురైతే గులాబీ రంగులో నురుగుంటుంది. పేగుల్లోదైతే పచ్చగా, కంపుగా ఉంటుంది. ఇక్కడ నురుగూ లేదు, కంపూ లేదు. మిగతా చోటంతా బూటు గుర్తులే.

లేచి బోరుత్ ముందు నిలబడింది.

"పేలగానే ఎలా కదిలింది? చూసింది చూసినట్టు చెప్పండి. ముందుకాళ్ళు లేపి గెంతిందా? వీపు గూనిలా చేసి ముడుచుకుందా?"

బోరుత్ ఒక్కక్షణం ఆల్బిన్ వైపు చూశాడు. "గెంతింది. ఇంతెత్తున. ఇక ఒకటే పరుగు."

"ముడుచుకోలేదుగా?"

"లేదు, లేదు. గెంతింది."

గెంతిందంటే గుండెకో ఊపిరితిత్తికో తగిలినట్టు. ఈపాటికి ఎక్కడో పొదలో చచ్చి పడి ఉంటుంది, వెంటనే వెళ్ళొచ్చు. ముడుచుకుందంటే పొట్ట. అప్పుడు కుక్కను బండిలోంచి దించకూడదు. ఇంటికెళ్ళి కాఫీ తాగి, పొయ్యిలో కట్టెలు వేసుకుని, సాయంత్రం దాకా కూర్చోవాలి. కదిలించకపోతే పొట్టలో దెబ్బ తగిలిన దుప్పి దగ్గర్లోనే పడుకుని అక్కడే ప్రాణం విడుస్తుంది. తొందరపడి లేపితే ఆ నొప్పితో, ఆ కోపంతో, ఎదురొచ్చినదాన్నల్లా పొడుస్తుంది. ఇదంతా ఆమెకు పుస్తకాల్లో దొరకలేదు. పాతికేళ్ళపాటు ఆల్బిన్ వెనక నడిచి నేర్చుకుంది.

"నువ్వు చూశావా మావయ్యా?"

"అద్దాల మీద ఆవిరి పట్టేసిందే. తుడుచుకుంటున్నా అప్పుడు. చప్పుడైతే గట్టిగా తగిలినట్టే వినపడింది."

తిల్కాకి ఎక్కడో చిన్నగా గుచ్చుకుంది. పేలేటప్పుడు రెప్ప వేయొద్దని, ఎక్కడ తగిలిందో దుప్పి చెప్పేది ఆ ఒక్కసారేనని ఆమె చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పిన మనిషి ఆయనే. కానీ ముసలి కళ్ళు, చలి పొద్దు, ఆవిరి పట్టే ఉంటుంది అనుకుంది.

"వాన పెరుగుతోంది తిల్కా. ఇంకా ఆగితే కుక్కక్కూడా వాసన అందదు," అన్నాడాయన.

తిల్కా బండి వెనక తలుపు తీసింది. కుక్క బ్రినా తొందరపడకుండా దిగింది. ఎర్రమట్టి రంగు ఒళ్ళు, నల్లటి మూతి, వేలాడే చెవులు. తిల్కా దాని మెడలోని మామూలు పటకా తీసి వెడల్పాటి తోలు పటకా కట్టింది, పొడవాటి పగ్గం విప్పి వెనక్కి వదిలింది. పటకా మారగానే కుక్క ముఖం మారిపోతుంది. వేలితో నెత్తురు చుక్క చూపించి, "వెతుకమ్మా, మెల్లగా," అంది.

బ్రినా ముక్కు నేలకి ఆనించి కదిలింది. స్ప్రూస్ చెట్ల కిందికి, అక్కణ్ణించి బీచ్ చెట్ల వాలులోకి. అక్కడంతా సున్నపురాయి నేల. అడుగడుక్కీ గుంటలు, కొన్ని నూతులంత లోతు. తిల్కా పగ్గం చేతిలో జారనిస్తూ, బిగిస్తూ నడిచింది. వెనక బోరుత్ బూట్ల చప్పుడు.

"కొమ్ములకి ఎన్ని కొమ్మలుంటాయంటారు ఆల్బిన్ గారూ? పధ్నాలుగు ఉంటాయా?"

"మాట్లాడొద్దు," అంది తిల్కా వెనక్కి తిరక్కుండా.

ఎంతో దూరం పోలేదు. పడిపోయిన ఒక మాను పక్కన బ్రినా ఆగి, తోక బిగదీసింది. ఆకులు నలిగి, దుప్పి ఒళ్ళంత చోటు అణిగి ఉంది. మధ్యలో ముదురు రంగు తడి. తిల్కా వేలు ముంచి ముక్కు దగ్గర పెట్టుకుంది. నమిలిన గడ్డి, పుల్లటి కంపు.

పొట్ట.

ఊపిరితిత్తి పగిలిన దుప్పి ఇలా పడుకుని లేచి పోదు. ఆమె పగ్గం బిగించి కుక్కను వెనక్కి లాగబోయింది. అప్పటికే ఆలస్యమైపోయింది. ముందున్న పొదలో ఫెళఫెళమని కొమ్మలు విరిగాయి. రాళ్ళు దొర్లాయి. దుప్పి లేచి పోతోంది.

ఇక రెండే దారులు. వదిలేస్తే అది కుళ్ళిన కడుపుతో రోజుల తరబడి తిరిగి తిరిగి చస్తుంది. లేదా కుక్కను విప్పాలి. తిల్కా పటకా విప్పింది.

మొరుగుడు దూరమైంది, ఒకచోట నిలిచింది. దుప్పి ఆగి ఎదురు తిరిగిందన్నమాట. తిల్కా తుపాకీ భుజం మీంచి తీసి పరిగెత్తింది. తడి రాళ్ళ మీద రెండుసార్లు పడింది. మొరుగుడు మధ్యలో తెగి, ఒక్క అరుపు వినిపించింది. అలాంటి అరుపు బ్రినా నోట ఆమె ఎన్నడూ వినలేదు.

గుంట అడుగున రాతిగోడకి వీపు ఆనించి నిలబడి ఉంది దుప్పి. తల దించి ఉంది. కొమ్ముల కింద బ్రినా. పైనుంచి కాలిస్తే కుక్కకి తగులుతుంది. తిల్కా కూర్చుని ఆకుల మీద జారుతూ దిగింది. దుప్పి తలెత్తి ఆమె వైపు చూసిన ఆ ఒక్క క్షణంలో మెడలోకి కాల్చింది.

బ్రినా పొట్ట పక్కన చెయ్యి పట్టేంత చీలిక. పక్కటెముక ఒకటి తెల్లగా కనిపిస్తోంది. తిల్కా కోటు విప్పి దాన్ని చుట్టి, చీలిక మీద అరచెయ్యి అదిమి పట్టింది. కింద వెచ్చగా, మెత్తగా ఏదో కదులుతోంది.

పైనుంచి రాళ్ళు దొర్లించుకుంటూ బోరుత్ దిగాడు. వగరుస్తూ దుప్పి దగ్గరికే వెళ్ళాడు ముందు. "అబ్బో! పదహారు! ఆల్బిన్ గారూ, పదహారు కొమ్మలు!" అని జేబులోంచి ఫోను తీసి ఆయన చేతికివ్వబోయాడు. "వాన ఎక్కువయ్యేలోపు ఒక్కటి తీయండి."

"నా కుక్క పేగులు నా చేతిలో ఉన్నాయి," అంది తిల్కా. గొంతు పెద్దగా లేవలేదు. "దారిలోంచి తప్పుకో. లేకపోతే ఈ తుపాకీలో ఇంకో తూటా ఉంది."

బోరుత్ పక్కకి జరిగాడు. ఆల్బిన్ వంగి కోటు రెండో కొస పట్టుకున్నాడు. ఇద్దరూ కుక్కను మోసుకుంటూ గుంట ఎక్కారు. దారి పొడుగునా ఆయన ముఖం గోడకి సున్నం కొట్టినట్టుంది. కుక్క మీద ప్రేమే అనుకుంది తిల్కా.

* * *

పశువుల డాక్టరు అలెంకా చేతులు కడుక్కుంటూ చెప్పింది. "లోపల తెగినవి కుట్టాను. చీము పట్టకపోతే బతుకుతుంది. ఎముక ఊపిరితిత్తికి గుచ్చుకుంది తిల్కా. పెరట్లో తిరుగుతుంది. అడవి మాత్రం మర్చిపో."

తిల్కా తలూపింది. కుక్కను అక్కడే వదిలి, ఒంటి మీద ఎండిన నెత్తురుతోనే తిన్నగా సంఘం గుడిసె వెనకున్న చలిగదికి వెళ్ళింది. దుప్పిని తలకిందులుగా వేలాడదీసి ఫెర్దో తోలు వలుస్తున్నాడు. ఊళ్ళో మాంసం కొట్టు అతనిదే.

"రావే అక్కా. కుక్క ఎలా ఉంది?"

"ఏదీ, చూపించు."

ఫెర్దో కత్తి మొనతో చూపించాడు. "ఇదిగో, పక్కటెముకల వెనక దూరింది. పొట్టంతా చించుకుని అటు ముందుకి పోయింది. సగం మాంసం పారెయ్యాలి, కంపు. మనవాడేమో గుండెలో కొట్టానని ఊరంతా చెప్తున్నాడు. ఆ గుండెకీ ఈ కన్నానికీ మధ్య ఇంకో దుప్పిని కట్టేయొచ్చు."

తిల్కా కన్నంలోకి వేలు పెట్టి దారి చూసింది. వెనక నుంచి ఏటవాలుగా తగిలింది. దుప్పి పక్కకి తిరిగి నిలబడలేదు, పిరుదులు చూపిస్తూ ఉంది.

"ఇలా నిలబడ్డప్పుడు కొట్టమని ఎవడు చెప్తాడు?" అన్నాడు ఫెర్దో.

"వాడి చెయ్యి ఆగి ఉండదు. కొత్త తుపాకీ, కొత్త బూట్లు. గెంతిందట! నా మొహంలోకి చూసి చెప్పాడు, గెంతిందని."

శుక్రవారం బోరుత్ డిపోకి వచ్చాడు. దుంగల లెక్క చూస్తున్న ఆమె పక్కన నిలబడి గొంతు సవరించుకున్నాడు. "చాలా బాధగా ఉందండీ. మంచి జాతి కుక్కపిల్లను నేను కొనిస్తాను. ఎంతైనా సరే."

"కుక్క సంగతి వదిలెయ్. గెంతిందని ఎందుకన్నావు?"

అతను బూట్ల వైపు చూసుకున్నాడు. "అప్పుడు అలాగే..." అని ఆగాడు. "ఆల్బిన్ గారిని అడగండి."

"ఆయన చూళ్ళేదు. చూసినవాడివి నువ్వు. ముడుచుకుందని ఒక్క మాట అనుంటే ఈపాటికి నా కుక్క నా పొయ్యి దగ్గర పడుకుని ఉండేది. పో ఇక్కణ్ణించి."

అతను బూట్లు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయాడు. మిగిలిన పొద్దంతా తిల్కా చేతిలోని గొడ్డలితో దుంగల మీద గుర్తులు వేస్తుంటే పక్కవాళ్ళు దూరం జరిగి నిలబడ్డారు.

సాయంత్రం ఆల్బిన్ వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. "ఆదివారం అతనికి వేటగాడి దీక్ష ఇస్తున్నాం. మూడో బెత్తం దెబ్బ జాడ తీసినవాళ్ళది. నీకు ఇష్టం లేకపోతే ఫెర్దో చేత వేయిస్తా."

"అబద్ధాలకోరుకి దీక్షేమిటి మావయ్యా?"

"పైకప్పు కారుతోందే. మాటిచ్చాం."

"పైకప్పు కోసం మనం నోరు మూసుకోవాలా?"

ఆయన తలుపు గొళ్ళెం తీశాడు. "ఫెర్దోతో చెప్తాలే," అన్నాడు.

"వద్దు. నేనే వేస్తా."

* * *

ఆదివారం వాన లేదు. గుడిసె ముందు పెద్ద కుండలో దుప్పి మాంసం ఎర్రగా ఉడుకుతోంది. ఆడవాళ్ళు రొట్టెలు కోస్తున్నారు. రేగుపళ్ళ సారా చేతులు మారుతోంది. గడ్డి మీద స్ప్రూస్ కొమ్మలు పరిచి, వాటి మీద తోలు, తోలు మీద పదహారు కొమ్మల తల పెట్టారు. నోట్లో పచ్చటి రెమ్మ.

మొదటి దుప్పిని కొట్టినవాడు దాని మీద బోర్లా పడుకోవాలి. ముగ్గురు మూడు బెత్తం దెబ్బలు వేస్తారు. అందరూ నవ్వుతారు. ఆ తర్వాత అతను వేటగాడు. తిల్కా కూడా ముప్ఫయ్యేళ్ళ వయసులో అలా పడుకుంది. అప్పుడు మొదటి దెబ్బ వేసింది ఆల్బినే. ఆ రాత్రి కూర్చోలేకపోయింది.

బోరుత్ టోపీ తీసి పడుకున్నాడు. ఆల్బిన్ బెత్తం ఎత్తాడు. "ఇది దుప్పి తరఫున," అన్నాడు. దెబ్బ కోటు మీద దుమ్ము కూడా లేపలేదు.

"అయ్యో పెద్దాయనా, ఈగని తోలుతున్నావా?" అని ఎవరో అరిచారు.

ఫెర్దో అరచేతుల్లో ఉమ్మేసుకున్నాడు. "ఇది వేటగాళ్ళ తరఫున. నా సగం మాంసం పాడు చేసినందుకు!" ఫట్‌మని పడింది. బోరుత్ మూలిగాడు. నవ్వులు.

బెత్తం తిల్కా చేతికొచ్చింది. హేజెల్ కర్ర, పచ్చిది. చేతిలో బరువుగా ఊగింది. రెండు రోజులుగా ఈ ఘడియ కోసమే ఎదురుచూసింది ఆమె. నవ్వులు తగ్గేదాకా ఆగింది.

"ఇది గుర్తుండటానికి. కానీ ముందు ఒక మాట. అందరి ముందూ చెప్పు. దుప్పి గెంతిందా, ముడుచుకుందా?"

ఎవరో సగం నవ్వి ఆపేశారు. బోరుత్ వీపు కదల్లేదు.

"ఊరికే అడగటం లేదు. చెప్పేదాకా ఇలాగే నిలబడతాను."

"ముడుచుకుంది," అన్నాడు బోరుత్ స్ప్రూస్ కొమ్మల్లోకి. తర్వాత మోచేతుల మీద లేచి, ఆమెకేసి కాకుండా నేలకేసి చూస్తూ అన్నాడు. "నేను చూశాను, ముడుచుకుంది. ఏం చెప్పమంటారని ఆయన్ని అడిగాను. గెంతిందని చెప్పమన్నారు."

"ఎవరు?"

అతను చెప్పక్కర్లేకపోయింది. ఆల్బిన్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. తెల్లటి తల మీద టోపీ అంచు వేసిన గీత ఎర్రగా ఉంది.

తిల్కా బెత్తం దించింది. "అద్దాలకి ఆవిరి పట్టలేదా మావయ్యా?"

"లేదు."

"నువ్వూ చూశావు."

"చూశాను. కొట్టు అన్నదీ నేనే. అది వెనక్కి తిరుగుతోంది. పొదలోకి పోతుందేమోనని తొందరపడ్డాను. నలభయ్యేళ్ళలో నా పక్కన కూర్చున్నవాడెవడూ పొట్టలో కొట్టలేదు." ఆయన టోపీ అంచు నలిపాడు. "వాన పడుతోందే. పొట్ట అని చెప్తే నువ్వు సాయంత్రం దాకా ఆగుతావు. జాడ కొట్టుకుపోతుంది. దుప్పి దొరకదు. దొరక్కపోతే... లివర్‌కి తగిలి ఉండొచ్చు, చచ్చి ఉండొచ్చు అనుకున్నా."

"ఆగాలో వద్దో తేల్చుకోవాల్సింది నేను. కుక్క నాది. వాసన అందుతుందో లేదో నాకు తెలుసు. నువ్వు నా చేతిలోంచి అది లాక్కున్నావు." బెత్తంతో బోరుత్ వైపు చూపించింది. "ఈ బూట్లవాడు అబద్ధం చెప్పాడని ఇన్నాళ్ళూ వాణ్ణి తిట్టుకున్నా. వాడి మాట నేను ఎందుకు నమ్మాననుకున్నావు? నువ్వు పక్కన నిలబడి కాదనలేదు, అందుకు."

బోరుత్ లేచి నిలబడి మోకాళ్ళు దులుపుకుంటున్నాడు. ఆమె అటు తిరిగింది. "నువ్వేం చేతులు దులుపుకోకు. ఆయన చెప్పమన్నా నోరు నీదే."

కుండలో మాంసం అడుగంటుతున్న వాసన వచ్చింది. ఎవరూ కదల్లేదు. ఆల్బిన్ టోపీ గడ్డి మీద పెట్టాడు. ఒక మోకాలు, తర్వాత రెండో మోకాలు ఆనించి, చేతులు చాపి మెల్లగా దుప్పి తోలు మీద బోర్లా పడుకున్నాడు.

"వెయ్యి," అన్నాడు. "గట్టిగా వెయ్యి."

ముసలి వీపు, కోటు కింద భుజాల ఎముకలు. తిల్కా బెత్తం ఎత్తింది. నిజంగానే ఎత్తింది. ఆ వీపు మీద బెత్తం విరిగేదాకా కొట్టాలని ఒళ్ళంతా మండింది. చిన్నప్పుడు మంచు మీద గిట్టల గుర్తులు చూపిస్తూ వంగిన వీపు అదే. అది గుర్తుకొచ్చి మంట ఇంకా ఎక్కువైంది.

బెత్తం మోకాలికేసి విరిచి అవతల పడేసింది.

"కొడితే నీకు తేలికైపోతుంది. లే మావయ్యా. నేల తడిగా ఉంది, నడుం పట్టేస్తుంది."

ఆయన లేవలేకపోయాడు. చేతుల మీద బరువు వేసి రెండుసార్లు ప్రయత్నించాడు. ఆమె సాయం పట్టలేదు. ఫెర్దో, బోరుత్ చెరో వైపు పట్టుకుని లేపుతుంటే తిల్కా బండి వైపు నడిచింది.

* * *

మధ్యాహ్నం బ్రినాను ఇంటికి తెచ్చుకుంది. పొయ్యి పక్కన దుప్పటి మీద పడుకోబెట్టింది. కట్టు మార్చాలి. గోరువెచ్చని నీళ్ళు, మందు, కొత్త గుడ్డ పక్కన పెట్టుకుంది. కట్టు ముట్టుకోగానే కుక్క మెలికలు తిరిగి లేవబోయింది. ఒక చేత్తో పట్టుకుంటే రెండో చెయ్యి సరిపోవడం లేదు. కుట్లు తెగిపోతాయేమోనని ఆపేసింది.

తలుపు దగ్గర అలికిడైంది. ఆల్బిన్. ఊరి చివర నుంచి నడిచి వచ్చినట్టున్నాడు. కోటు ముందంతా స్ప్రూస్ ఆకులు, తడి మరక.

"సంఘం పెద్దరికం ఫెర్దోకి ఇచ్చేశాను," అన్నాడు.

"నాకెందుకు చెప్తున్నావు?"

ఆయన గడప అవతలే నిలబడ్డాడు. బ్రినా తలెత్తి చూసి, మళ్ళీ వాల్చేసింది. తిల్కా నీళ్ళ గిన్నెలోకి చూస్తూ కూర్చుంది. నీళ్ళు చల్లారిపోతున్నాయి.

"బూట్లు విప్పి రా. తల పట్టుకో."

ఆయన బూట్లు విప్పి వచ్చి, నేల మీద చతికిలబడి, కుక్క తలను తొడ మీదికి తీసుకున్నాడు. తిల్కా కట్టు విప్పింది. పొట్ట పొడుగునా నల్లటి కుట్లు, చుట్టూ వాచిన ఎర్రటి చర్మం. ఆయన ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

"అటు కాదు, ఇటు చూడు."

ఆయన చూశాడు. ఆమె గుడ్డ ముంచి, పిండి, కుట్టు కుట్టునా తుడిచింది. కుక్క మూలిగినప్పుడల్లా ఆయన చేతులు బిగుసుకున్నాయి. కొత్త గుడ్డ చుట్టి, ముడి వేసి, మిగిలింది కత్తిరించింది.

"అయిపోయింది. వెళ్ళు."

ఆయన కుక్క తలను జాగ్రత్తగా దుప్పటి మీద పెట్టి, పొయ్యి అంచు పట్టుకుని లేచాడు. బూట్లు వేసుకోవడానికి చాలాసేపు పట్టింది. ఆయన తలుపు తీశాడు.

"రేపు పొద్దున్నే మళ్ళీ మార్చాలి," అంది గిన్నె ఎత్తుతూ. "నేను డిపోకి వెళ్ళేలోపు రా. నీతో మాట్లాడను. ఊరికే వచ్చి పట్టుకో."

ఆల్బిన్ తలూపి బయటికి నడిచాడు. ఆమె మురికి నీళ్ళు పెరట్లో పారబోసి వచ్చి, తలుపు వేసింది.